ఖర్చు లేని ప్రచారం: ఒక ఆడిట్ అభ్యంతరం

ఈ మధ్య మా ఇంట్లో దినపత్రిక నా చేతికొచ్చేసరికి అందులో వార్తల కంటే కిటికీలే ఎక్కువ ఉంటున్నాయి. మూడో పేజీలో ఒక చదరం, జిల్లా అనుబంధంలో రెండు, వాణిజ్యం పేజీలో పైనుంచి కిందదాకా ఒక నిలువు కోత. ఆ కంతలోంచి వెనక పేజీ సంతాప ప్రకటనలో ఎవరిదో సగం మొహం కనిపిస్తుంది. పోయినవారెవరో పేరు మాత్రం కత్తెరలో పోయింది. ఇదేమిట్రా అంటే, “ఈ విలేకరి చిన్న కంపెనీల మీద రాస్తాడు నాన్నా, ఫైలు చేసుకుంటున్నాం” అంటాడు మా అబ్బాయి. నెలనెలా బిల్లు కట్టి పేపరు వేయించుకునేవాడికి దాన్ని నిండుగా చదివే హక్కు ఉందా లేదా అన్నది నా మొదటి అభ్యంతరం. మిగతావి వరసగా మనవి చేస్తాను.

నేను స్థానిక సంస్థల పద్దులు తనిఖీ చేసే శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. పంచాయతీలు కొన్న చీపుళ్లకూ, మునిసిపాలిటీలు చల్లామన్న బ్లీచింగ్ పౌడరుకూ లెక్క అడిగిన చెయ్యి ఇది. తేడా కనిపిస్తే మేం ‘హాఫ్ మార్జిన్’ రాసేవాళ్లం. కాగితంలో ఒక సగం మా ప్రశ్న, రెండో సగం వాళ్ల జవాబు కోసం ఖాళీ. ఎంత పెద్ద కమిషనరైనా ఆ ఖాళీ సగాన్ని చూసేసరికి గొంతు తగ్గించేవాడు. అదే పద్ధతిలో ఇంట్లో ఒక కాగితం రాసి డైనింగు టేబుల్ మీద పెడితే, మా కోడలు ఆ ఖాళీ సగంలో ఇస్త్రీకి వేసిన బట్టల లెక్క రాసి పంపింది. అందుకే బహిరంగంగా రాయాల్సి వస్తోంది.

సంగతేమిటంటే, మా అబ్బాయీ కోడలూ ఉద్యోగాలు మానేసి ఒక కంపెనీ పెట్టారు. మేడ మీద ట్యాంకులో ఒక సెన్సరు, కింద మోటారు స్టార్టరు పక్కన ఒక పెట్టె. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోతుంది. నల్లా ఎప్పుడొచ్చిందో, సంపులో ఎంత మిగిలిందో ఫోనుకు కబురు వస్తుంది. పెట్టె మంచిదే, ఆ మాట దాచుకోను. కంపెనీ అంటే వాళ్లిద్దరూ, వనస్థలిపురంలోని మా ఇంటి స్టోరు గదిలో కూర్చుని టంకం పెట్టే ఒక డిప్లొమా కుర్రాడూ. పెట్టుబడి వాళ్ల పీఎఫ్. 2016లో మొదలైన స్టార్టప్ ఇండియా పథకం కింద వచ్చిన గుర్తింపు పత్రాన్ని పటం కట్టించి హాల్లో వేంకటేశ్వరస్వామి పక్కన తగిలించారు. ఆ మేకుకు అంతకుముందు నా పదవీ విరమణ సన్మానపత్రం ఉండేది. అది ఇప్పుడు బీరువా మీద గోడకు తిరిగి ఉంది.

పెట్టె చెయ్యడానికి డబ్బుంది. పెట్టె ఉందని పదిమందికీ చెప్పడానికి లేదు. బంజారాహిల్స్‌లో ప్రచారం చేసిపెట్టే ఏజెన్సీని అడిగితే నెలకు నా పెన్షన్ కంటే ఎక్కువ చెప్పారట. అదీ వార్త వేయిస్తామని కాదు, ప్రయత్నిస్తామన్నందుకు. దాంతో ఒక రాత్రి భోజనాల దగ్గర తీర్మానం అయింది: ప్రచారం మనమే చేసుకుందాం, పైసా ఖర్చు లేకుండా. ఆ చివరి మాట వినగానే నాకు అన్నం సయించలేదు. నా సర్వీసు మొత్తంలో ఖర్చు లేని పనిని నేను చూడలేదు. ఇంకొకరి పద్దులో రాసిన ఖర్చును చూశాను, అంతే. ఈసారి ఆ ఇంకొకరు ఎవరో తేలడానికి ఎంతో కాలం పట్టలేదు.

మొదట ప్రెస్‌నోట్ తయారైంది. ‘నీటి నిర్వహణ రంగంలో విప్లవాత్మక మార్పులకు శ్రీకారం చుడుతున్న కృత్రిమ మేధ ఆధారిత సమగ్ర పరిష్కారం’ అని మొదలైంది. మోటారు అన్న మాట నాలుగో పేరాకు గానీ రాలేదు. ట్యాంకు అసలే రాలేదు. పైన ఇద్దరి ఫొటో, చేతులు కట్టుకుని, ఎవరితోనో తగవుకు బయల్దేరినట్టు. నేను ఎర్ర పెన్ను తీసి అడ్డంగా కొట్టేసి కింద రాశాను: ‘ట్యాంకు నిండితే మోటారు ఆగుతుంది. వనస్థలిపురంలో తయారవుతోంది. ధర ఇంత. ఫోను నంబరు ఇది.’ మా వాడు చదివి, “ఇది టెండరు నోటీసు నాన్నా” అన్నాడు.

అని ఊరుకోకుండా నాకు ప్రెస్‌నోట్ చరిత్ర చెప్పాడు. 1906 అక్టోబరులో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర ఒక రైలు వంతెన మీద పట్టాలు తప్పి నీళ్లలో పడింది. యాభై మందికి పైగా చనిపోయారు. ఆ రైలు కంపెనీకి సలహాదారుగా ఉన్న ఐవీ లీ అనే పెద్దమనిషి, ఎవరో వచ్చి కూపీ లాగేదాకా ఆగకుండా, జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టించి పత్రికలకు పంచాడు. న్యూయార్క్ టైమ్స్ దాన్ని ఉన్నదున్నట్టు అచ్చేసిందని చెబుతారు. లోకంలో మొదటి ప్రెస్‌నోట్‌గా దాన్నే చూపిస్తారట. నేను శ్రద్ధగా విని ఒక్కటే అడిగాను: “వాళ్లు తమ రైలు పడిపోయిందని తామే చెప్పారు. మీరేమో మీ పెట్టె గొప్పదని మీరే చెబుతున్నారు. రెండూ ఒకటేనా?” జవాబు రాలేదు. ఖాళీ సగం ఖాళీగానే ఉంది.

తర్వాత దాన్ని తెలుగులోకి మార్చడానికి చౌరస్తాలో డీటీపీ షాపుకు తీసుకెళ్లారు. అతను పెళ్లి శుభలేఖలు కొట్టే అలవాటు కొద్దీ అను ఫాంట్లలో కొట్టి ఇచ్చాడు. ఆ ఫైలు విలేకర్ల ఫోన్లలో తెరుచుకోగానే తెలుగు స్థానంలో డాలరు గుర్తులూ, బ్రాకెట్లూ, ఇంగ్లీషు అక్షరాలూ వరస కట్టాయట. ఒక పుణ్యాత్ముడు మాత్రం తిరిగి ఫోను చేసి చెప్పాడు: “అన్నా, పీడీఎఫ్ వద్దు. వాట్సాప్‌లో యూనికోడ్‌లో నాలుగు ముక్కలు పెట్టు. ఫొటో విడిగా పంపు. సాయంత్రం పేజీలు పెట్టుకునే టైములో ఫోను చెయ్యకు, పొద్దున పదకొండింటికి చెయ్యి.” బంజారాహిల్స్ ఏజెన్సీ నెలకు అంత అడిగింది బహుశా ఈ నాలుగు వాక్యాలు చెప్పడానికే అయ్యుంటుంది. ఆ అబ్బాయి ఉత్తపుణ్యానికి చెప్పాడు.

ఈ విలేకర్ల సంగతి కొంత నాకు ముందే తెలుసు. జిల్లాల్లో తిరిగినవాణ్ణి కదా. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1989లో జిల్లాకొక చిన్న పత్రికను పెద్ద పత్రికలో పెట్టి ఇవ్వడం మొదలుపెట్టింది. తర్వాత మిగతావాళ్లూ అదే బాట పట్టారు. దాంతో బావిలో పడ్డ గేదెకు కూడా ఫొటోతో సహా చోటు దొరికింది. ఆ చోటు నింపడానికి మండలానికో కంట్రిబ్యూటరు కావాల్సి వచ్చాడు. అతనికి జీతం ఉండదు. అచ్చయిన వార్తను కొలిచి ‘లైన్ అకౌంట్’ ఇస్తారు. దాంతో పెట్రోలుకు కూడా చాలదని నా తనిఖీల రోజుల్లోనే చెప్పుకునేవాళ్లు. పైగా పండక్కి ఇన్ని ప్రకటనలు తేవాలని పైనుంచి ఒత్తిడి. ఇది మనసులో పెట్టుకుంటే, మొదటి విలేకరి మా వాడితో అన్న మాటకు నాకు ఆశ్చర్యం కలగలేదు: “వార్త వేద్దాం సార్, దాందేముంది. ఉగాదికి మీ కంపెనీ తరఫున శుభాకాంక్షలు ఒకటి ఇవ్వండి.”

శుభాకాంక్షల ధర కనుక్కుంటే కాలమ్ సెంటీమీటర్లలో చెప్పారు. రంగుల్లో అయితే ఒకటి, నలుపు తెలుపు అయితే ఒకటి, పైన జీఎస్టీ 5 శాతం. ప్రజలకు శుభం కోరుకోవడానికి కూడా పన్ను కట్టాలా అని మా ఆవిడ నివ్వెరపోయింది. ఇంకొకాయన మరో మెట్టు ఎక్కి, “ప్రకటన వద్దు సార్, స్పెషల్ స్టోరీయే వేద్దాం, ప్యాకేజీ ఉంది” అన్నాడు. కథనం వాళ్లదే, పొగడ్త వాళ్లదే, బిల్లు మనది. ఇక్కడ నేను కలగజేసుకున్నాను. వోచరు ఉన్న వార్త వార్త కాదు, కొనుగోలు. కొనుగోలైతే దాని మీద ‘ప్రకటన’ అని ఉండాలి. నేను కనిపెట్టిన నియమం కాదిది, ప్రెస్ కౌన్సిల్ ప్రవర్తనా నియమాల్లో ఉన్నదే. 2009 ఎన్నికల్లో డబ్బుకు వార్తలు అమ్ముకున్న సంగతి పాలగుమ్మి సాయినాథ్ బయటపెట్టాక, కౌన్సిల్ ఇద్దరు సభ్యులతో ఉపసంఘం వేసింది. అందులో ఒకాయన మన కె. శ్రీనివాస్‌రెడ్డి, ఇంకొకాయన పరంజయ్ గుహ ఠాకుర్తా. 2010లో వాళ్లు రాసిన నివేదికను కౌన్సిల్ మొదట సంక్షిప్తంగానే బయటికి వదిలింది. పూర్తి పాఠం వెలుగులోకి రావడానికి సమాచార హక్కు చట్టం అవసరమైంది. తనిఖీ నివేదికలకు పట్టే గతి ఎక్కడైనా ఒకటేనన్నమాట. చదువుతుంటే ప్రాణం లేచొచ్చింది.

ప్యాకేజీ ఆయనకు మా అబ్బాయి వద్దనే చెప్పాడు. సూత్రం కొద్దీ కాదు, డబ్బు లేక. అయినా ఫలితం సక్రమంగా ఉన్నప్పుడు ఉద్దేశాన్ని ఆడిటరు తవ్వడు.

అవార్డుల బేరం కూడా ఒకటి వచ్చింది. ఫోనులో ఒకమ్మాయి, మా పెట్టె ‘ఈ ఏటి మేటి నూతన ఆవిష్కరణ’గా ఎంపికైందనీ, స్టార్ హోటల్లో ఒక సినీతార చేతుల మీదుగా ఇస్తారనీ, రిజిస్ట్రేషను కింద కొంత కట్టాలనీ చెప్పింది. పెట్టెను ఎవరు చూశారమ్మా అని అడిగాను. జ్యూరీ సార్ అంది. అప్పటికి పెట్టె మా ఇంటి గడప దాటలేదు. జ్యూరీ ఎటునుంచి వచ్చి చూసి వెళ్లారో మా వీధి కుక్కలకు కూడా తెలియదు. వద్దన్నాం. ఆ సినీతార ఎవరో కనుక్కోకుండానే ఫోను పెట్టేశానని మా ఆవిడ రెండు పూటలు మాట్లాడలేదు.

ఇంతవరకూ నాకు జరిగింది ఇబ్బందే గానీ నష్టం కాదు. అసలు నష్టం కథ దగ్గర మొదలైంది.

మా కోడలు తెలివైన పిల్ల. పత్రికలకు వస్తువు అక్కర్లేదు మామయ్య గారూ, కథ కావాలి అని కనిపెట్టింది. నిజమే. నిజామాబాద్ వైపు నుంచి వెళ్లిన ఫణీంద్ర సామ అనే కుర్రాడికి 2005లో దీపావళికి బెంగళూరు నుంచి హైదరాబాదుకు బస్సు టికెట్ దొరకలేదు. మరుసటేడు రెడ్‌బస్ పుట్టింది. ఆ కంపెనీ లెక్కలు ఎవరికీ గుర్తులేవు, టికెట్ దొరకని పండగ మాత్రం అందరికీ గుర్తు. ఆలేరు దగ్గర చింతకింది మల్లేశం గారి అమ్మ లక్ష్మి గారికి నేతకు ఆసు పోసి పోసి భుజం పడిపోతుంటే, ఆయన ఏళ్ల తరబడి కుస్తీపట్టి యంత్రం చేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. పత్రికలు ఆయన గురించి రాసినప్పుడల్లా భుజంతోనే మొదలుపెట్టాయి, గేర్లతో కాదు. రాయాల్సిన పద్ధతి కూడా అదే. ఇంతవరకూ నాకు ఏ అభ్యంతరమూ లేదు. వాళ్లు అనుభవించిన బాధ వాళ్లది, చెప్పుకున్నారు.

మరి మన పెట్టె వెనక ఏ బాధ ఉంది? అని ముగ్గురూ తలలు కలిపి ఆలోచించారు. తలలెత్తి నా వైపు చూశారు.

కిందటేడు వేసవిలో మా ట్యాంకు పొంగిన మాట వాస్తవం. పక్కింటి వాళ్ల డాబా మాకంటే ఒక అంతస్తు కింద. ఆవిడ పాత చీర మీద గుమ్మడికాయ వడియాలు పెట్టి ఎండేసుకుంది. మా నీళ్లు సన్‌షేడు మీదుగా జారి, సరిగ్గా ఆ చీర మీద పడ్డాయి. ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడి, “అన్నయ్య గారూ, మీరు పెద్దవారు, నేనేమీ అనను” అని మొదలుపెట్టి అరగంటసేపు అన్నారు. అదీ జరిగింది. అయితే ఆ రోజు మోటారు వేసింది ఎవరు? మా అబ్బాయి. స్విచ్చి నొక్కి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, గదిలో తలుపేసుకుని మ్యాచ్ చూసింది ఎవరు? మా అబ్బాయి. నేను ఆ సమయంలో మనుమరాలి స్కూలు బస్సు కోసం వీధి చివర నిలబడ్డాను. సాక్షులున్నారు.

కథలో మాత్రం ఇలా వచ్చింది: ‘విశ్రాంత జీవితం గడుపుతున్న తండ్రి తరచూ మోటారు ఆపడం మరచిపోయి, వేల లీటర్ల తాగునీరు వృథా కావడం చూసి ఆ కొడుకు మనసు చలించింది.’

దీని మీద నా అభ్యంతరాలు మూడు రకాలు. వేల లీటర్లన్నది అతిశయోక్తి. మా సంపు అడుగంటా తోడినా అన్ని రావు. తరచూ అన్న మాటకు రికార్డు లేదు. ఇక కొడుకు మనసు చలించిందంటే, ఆ మ్యాచ్ ఆఖరి ఓవరు దాకా చలించలేదని ఇంటిల్లిపాదికీ తెలుసు. నిలదీస్తే మా వాడు అన్నదేమిటో చెప్పమంటారా? “ఇంజినీరు మోటారు మరచిపోయాడంటే జనం నవ్వుతారు నాన్నా. పెద్దవాళ్లు మరచిపోయారంటే జాలిపడతారు.” బడ్జెట్ లేనివాడు నాన్నను ఖర్చు పెడతాడన్నమాట. వడియాల సంగతి కూడా తీసేశారు, తాగునీరంత గంభీరంగా లేవని. పక్కింటావిడ ఇప్పటికీ అందుకు నొచ్చుకుంటూనే ఉన్నారు.

మార్చి 22 ప్రపంచ జల దినోత్సవం. పత్రికలకు సందర్భం కావాలి కాబట్టి ఆ రోజే విలేకర్ల సమావేశం పెట్టాలని నిర్ణయించారు. సోమాజిగూడ ప్రెస్‌క్లబ్బు దాకా వెళ్లి హాలు అద్దె, మైకు, టీలు, సమోసాలు లెక్క వేసుకుని, వెనక్కి వచ్చి, మా డాబా మీదే షామియానా వేశారు. సమోసాలకు బదులు మా ఆవిడ మైసూరు బోండాలు వేసింది. నూనె, మినప్పప్పు, గ్యాసు, అన్నీ ఇంటి పద్దులోవే. మంత్రి వస్తేగానీ పెద్ద విలేకర్లు కదలరని ఎవరో చెప్పారు. మంత్రిని పిలిచే స్తోమతు లేక కార్పొరేటరుగారిని పిలిచారు. ఆయనకు శాలువా, ఆయన వెంట వచ్చినవారికి శాలువాలు. అవి నా సన్మానంలో వచ్చినవే. బీరువాలో భద్రంగా ఉన్నాయి, పనికొచ్చాయి అన్నారు.

పెద్ద పత్రికల నుంచి ఒకరో ఇద్దరో వచ్చారు. మిగతావాళ్లంతా రంగురంగుల మైకులు పట్టుకున్న యూట్యూబ్ ఛానెళ్ల కుర్రాళ్లు. బోండాలు తిన్నాక ఒకడు నా మూతి దగ్గర మైకు పెట్టాడు.

“పెద్దాయనా, ఆ రోజు ట్యాంకు పొంగిపోతున్నప్పుడు మీకేమనిపించింది?”

“నేనక్కడ లేను.”

“అంటే, మరచిపోయి ఎటో వెళ్లిపోయారన్నమాట!”

“మరచిపోలేదు. మోటారు వేసింది నేను కాదు.”

“వేసినట్టు కూడా గుర్తులేదా పెద్దాయనా?” అని అతను కళ్లు చెమర్చుకుని కెమెరా వైపు తిరిగాడు. ఆ సాయంత్రం వచ్చిన వీడియో మీద పెట్టిన బొమ్మలో నా నోరు సగం తెరిచి ఉంది, పక్కన ఎర్ర బాణం, కింద పసుపు అక్షరాలు: ‘రిటైర్డ్ ఆఫీసర్ ఇంట్లో ఏం జరిగిందో తెలిస్తే కన్నీళ్లాగవు!’ మా వియ్యపురాలు న్యూజెర్సీ నుంచి ఫోను చేసి, డాక్టరుకు చూపించారా అన్నయ్య గారూ అని అడిగింది.

మర్నాడు పేపర్లు చూస్తే ఏ పేజీ చూసినా నీళ్లే. ప్రతి శాఖా, ప్రతి కాలేజీ, ప్రతి స్వచ్ఛంద సంస్థా ఆ రోజే ప్రెస్‌నోట్ ఇచ్చాయి. లోకమంతా ఒకే ముహూర్తానికి పెళ్లి పెట్టుకుంటే పురోహితుడు మీ ఇంటికే ఎందుకు వస్తాడు? మాకు దక్కింది జిల్లా అనుబంధంలో అయిదు వరసలు. శీర్షిక: ‘నీటిని పొదుపుగా వాడాలి: కార్పొరేటర్’. ఫొటోలో కార్పొరేటరుగారూ, ఆయన అనుచరులూ, శాలువాలూ. పెట్టె ఒక శాలువా అంచు వెనక ఉందని మా కోడలు భూతద్దంతో చూపించింది. కంపెనీ పేరు లేదు. బోండాల ప్రస్తావన కూడా లేదు.

అంతటితో వదిలేస్తారనుకున్నాను. కానీ మా కోడలు ఇంకో పని చేసింది. ఇది ఒప్పుకుని తీరాలి, మొత్తం వ్యవహారంలో పద్ధతిగా జరిగింది ఇదొక్కటే. ఆపాటికి పెట్టెలు పెట్టించుకున్న ఇళ్లలో నల్లా ఏ రోజు ఎన్నింటికి వచ్చింది, సంపు నిండడానికి ఎంత సేపు పట్టింది అన్నది పెట్టె దానంతటదే రాసుకుంటుంది. ఆ ఇళ్లవాళ్ల అనుమతి అడిగి, పేర్లు తీసేసి, వీధులవారీగా ఒక పట్టిక తయారుచేసి, పొద్దున పదకొండింటికి ఫోను చెయ్యమన్న ఆ విలేకరికి పంపింది. మా గురించి రాయండి అని అడగలేదు. ఎప్పుడైనా పనికొస్తే వాడుకోండి అంది, అంతే. పట్టిక నేనూ చూశాను. కూడికలు సరిపోయాయి.

ఏప్రిల్‌లో దాని అవసరం పడింది. నల్లా గొట్టానికి నేరుగా మోటారు బిగించి లాగేవాళ్ల మీద జలమండలి దాడులు మొదలుపెట్టింది. దొరికితే మోటారు జప్తు, రూ. 5,000 జరిమానా. కింది వీధికి నీళ్లు ఎందుకు అందడం లేదో అంకెలతో చెప్పగలిగినవాళ్లు ఆ విలేకరికి కావాల్సి వచ్చారు. అతని ఫోనులో అప్పటికే మా కోడలి పట్టిక ఉంది. సాయంత్రానికి ఫొటోగ్రాఫరుతో వచ్చాడు. ఎగువన ఒకరు గొట్టానికి మోటారు పెట్టి లాగితే దిగువ ఇళ్లలో ధార ఎలా సన్నబడుతుందో ఆమె ఒక్క ఇంగ్లీషు మాట లేకుండా చెప్పింది. సంపులోకి పడిన నీళ్లను మేడ మీదికి ఎక్కించుకునే మోటారు తప్పు కాదనీ, గొట్టానికి పెట్టేదే తప్పనీ విడమరిచింది. అతను రాసుకున్నాడు. అంతా సవ్యంగానే ఉంది. అంతలో ఫొటోగ్రాఫరు అన్నాడు: “మేడమ్ ఒక్కరే ఉంటే బాగోదు. పెద్దాయన్ని ఆ స్టార్టరు దగ్గర నిలబెట్టండి. సార్, చెయ్యి స్విచ్చి మీద పెట్టండి.”

పెట్టాను. మర్యాదస్తుణ్ణి.

వార్త బాగా వచ్చింది. నగర పేజీలో పై సగం. పట్టిక అచ్చయింది, మా కోడలి మాటలు అచ్చయ్యాయి, చివర్లో కంపెనీ పేరు కూడా ఒక అక్షరం తప్పుతో అచ్చయింది. కానీ శీర్షిక ‘అక్రమ మోటార్లపై కొరడా’. దాని కింద నా ఫొటో. చెయ్యి స్విచ్చి మీద. చూసినవాడెవడైనా ఏమనుకుంటాడో వేరే చెప్పక్కర్లేదు. నా సర్వీసులో ఎందరి మీదో రికవరీలు రాశాను గానీ, ఇంత స్పష్టమైన ఫొటో ఆధారం నాకు ఏనాడూ దొరకలేదు.

పొద్దున పార్కులో నడకకు వెళ్తే మా వాకర్స్ సంఘం మొత్తం మౌనంగా దారి ఇచ్చింది. రెండో రౌండులో కార్యదర్శి దగ్గరకు వచ్చి, గొంతు తగ్గించి, “అయిదు వేలూ కట్టేశారా సార్? మనకు జలమండలిలో తెలిసినవాళ్లున్నారు” అన్నాడు. మాది సంపు మోటారండీ, నిబంధనల ప్రకారం ఉన్నదే అని చెబితే, “అందరూ అలాగే అంటారు, మీరేం ఫీలవకండి” అన్నాడు. పక్కింటావిడ మాత్రం పేపరు మడిచి చేత్తో పట్టుకుని వచ్చి, “ఎవరి వడియాలు తడిపినవారు ఎక్కడికి పోతారు అన్నయ్య గారూ” అంది.

సవరణ వేయించమని మా అబ్బాయిని అడిగాను. వేయిస్తానన్నాడు, కంపెనీ పేరులో పోయిన అక్షరానికి. నా పరువులో పోయినదానికి కాదు. అది అడిగితే విలేకరితో సంబంధం చెడుతుందట.

ఇంత జరిగాక ఆర్డర్లు వచ్చాయా అంటే, వచ్చాయి. స్టోరు గదిలో ఇంకో కుర్రాడు చేరాడు. అపార్ట్‌మెంట్ల సంఘాలవాళ్లు ఫోన్లు చేశారు. మోటారు వైండింగు చేస్తారా, బోరు వేస్తారా, నల్లా కనెక్షను ఇప్పిస్తారా అని అడిగినవాళ్లు అంతకు మించి చేశారు. ఆ ఫోన్లకు జవాబు చెప్పే బాధ్యత నాకు అప్పగించారు, ఖాళీగానే ఉన్నారు కదా అని. ఇక పత్రికల ప్రకటనల విభాగాల నుంచి వచ్చే ఫోన్లకు అంతే లేదు. “మీ వార్త చూశాం సార్, చాలా బాగుంది, దీనికి కొనసాగింపుగా రంగుల్లో...” అని మొదలుపెడతారు. వాళ్లకు నా పెన్షన్ ఎంతో చెబుతాను. పాపం, వాళ్లే సారీ చెప్పి పెట్టేస్తారు.

లెక్క తేల్చమని మా వాడికి మళ్లీ హాఫ్ మార్జిన్ ఇచ్చాను. బోండాల మినప్పప్పు, నూనె. శాలువాలు, తిరిగి రానివి. షామియానా అద్దె, నా జేబులోంచి. ఆ రోజు పేపరు అదనపు ప్రతులు, బంధువులకు పంచడానికి. ఇస్త్రీ చేయించిన నా తెల్లచొక్కా, స్టార్టరు దగ్గర గ్రీజు అంటుకున్నది. కిటికీలు పడ్డ పాత పేపర్లకు కాగితాలవాడు తూకంలో కోసిన ధర. వీటన్నిటి ఎదురుగా మా వాడు జవాబు సగంలో రాసింది ఒకే ఒక్క మాట: ‘బ్రాండింగ్’. ఏ కోడ్‌లో, ఏ అధ్యాయంలో, ఏ ఉపపద్దు కింద ఆ ఖర్చు చెల్లుతుందో ఇంతవరకూ చూపించలేదు. కనుక అభ్యంతరం అలాగే నిలిచి ఉంది.

ఈ లోగా స్టోరు గదిలో రెండో పెట్టె తయారవుతోందని తెలిసింది. గ్యాసు బండ కింద పెడితే, అయిపోవస్తోందని ముందే ఫోనుకు చెబుతుందట. నిన్న రాత్రి భోజనాల దగ్గర మా కోడలు ప్రెస్‌నోట్ మొదలుపెట్టి, దీని వెనక కూడా ఏదో ఒక సంఘటన ఉంటే బాగుంటుంది మామయ్య గారూ అంది. మా వాడు తలెత్తి నా వైపు చూశాడు. వాడి వెనకే మా ఆవిడ కూడా చూసింది. కాబట్టి సంబంధిత అధికారులకూ, పత్రికల వారికీ, మైకులు పట్టుకునే కుర్రాళ్లకూ ఇందుమూలంగా ముందస్తుగా తెలియజేసేదేమనగా: కిందటి సంక్రాంతి నాడు అరిసెలు సగంలో ఉండగా గ్యాసు అయిపోయినప్పుడు నేను వంటింట్లో లేను. బండ మార్పించమని రెండుసార్లు చెప్పించుకున్నది కూడా నేను కాదు.